“పొదుపు జన్యువు” సిద్ధాంతము – ఒక విమర్శ

స్థూలకాయమును గురించి మన జనసామాన్యములో రెండు అభిప్రాయములు వాడుకలో ఉన్నవి. లావుగా ఉన్నవాడు తిండిపోతు, సోమరి అనుట ఒకటి. “వాళ్ళ వంశమే అంత, మంచినీళ్ళు తాగినా ఒంటికి పడుతుంది” అనుట రెండవది. మొదటిది మనిషిని తప్పుపట్టును. రెండవది పుట్టుకను తప్పుపట్టును. ఇవిగాక, శాస్త్రీయమైన వేషముతో మూడవ అభిప్రాయ మొకటి ఆరు దశాబ్దములుగా గ్రంథములలోను, ఉపన్యాసములలోను వినబడుచున్నది. తరచు కరువుల పాలైన మన పూర్వికులలో, దొరికిన ఆహారమును కొవ్వుగా దాచుకొనగల జన్యువులు ఉన్నవారే బ్రతికి బట్టకట్టినారనియు, ఆ జన్యువులే నేటి సమృద్ధి కాలములో మనకు స్థూలకాయమును, మధుమేహమును తెచ్చిపెట్టుచున్నవనియు దాని సారాంశము. దీనికే “పొదుపు జన్యువు” సిద్ధాంతమని పేరు.

ఇది వినుటకు ఇంపైనది. తరగతిలో చెప్పుటకు సులభమైనది. ఒకసారి విన్న విద్యార్థి దీనిని మరచిపోడు. ఇట్టి గుణములు గల సిద్ధాంతమును మిగిలినవానికంటె ఎక్కువ జాగ్రత్తగా పరీక్షింపవలెను. ఏలయనగా, కథ బాగుండుట వేరు, అది నిజమగుట వేరు. ఈ వ్యాసములో ఆ సిద్ధాంతము యొక్క బలమును, బలహీనతను రెండింటిని పరిశీలింతము.

నీల్ ఏమి చెప్పినారు?

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జన్యుశాస్త్రవేత్త జేమ్స్ నీల్ 1962లో “అమెరికన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్” అను పత్రికలో పదిపుటల వ్యాసమొకటి ప్రచురించినారు. ఆయనను వేధించిన ప్రశ్న నిజముగా గొప్పది. మధుమేహము వంశములలో నడచుచున్నది. అనగా దానికి జన్యువులతో సంబంధమున్నది. సంతానము కనవలసిన వయస్సులోనే అది కొందరికి హాని చేయుచున్నది. హాని చేయు జన్యువును ప్రకృతి వరణము తరతరములకు తగ్గించుకొని రావలెను గదా! మరి ఈ వ్యాధి ఇంత విస్తారముగా ఎట్లు నిలిచి ఉన్నది?

నీల్ ఇచ్చిన సమాధానమిది. వేటాడి పొట్టపోసుకొను రోజులలో మనిషికి ఒకనాడు విందు, మరునాడు పస్తు. ఆహారము దొరికినప్పుడు వెంటనే ఇన్సులిన్‌ను విడుదలచేసి, ఆ ఆహారమును వృథాపోనీయక దాచుకొనగల శరీరము అప్పుడు లాభము పొందినది. ఆహారము నిత్యమును దొరకు కాలము వచ్చుసరికి ఆ లాభమే నష్టమైనది. వ్యాధికి కారణము జన్యువులోని లోపము కాదనియు, జన్యువునకును పరిసరములకును పొంతన చెడిపోవుటయే అనియు ఆయన భావము. ఈ ఆలోచన మెచ్చదగినది. రోగిని తప్పుపట్టకుండ రోగమును అర్థముచేసికొనుటకు ఇది దారి చూపినది.

అయితే ఆ వ్యాసము యొక్క శీర్షికను గమనింపవలెను. “ప్రగతి” వలన హానికరముగా మారిన “పొదుపరి” జన్యురూపమా మధుమేహము, అని ఆయన అడిగినారు. శీర్షిక చివర ప్రశ్నార్థక మున్నది. ఆయన దానిని ఊహగా ప్రతిపాదించినారు. పైగా 1982లో ఆయనే ఆ విషయమును తిరిగి పరిశీలించి, తాను మొదట ఇచ్చిన శరీరధర్మ వివరణ నిలువదని గ్రహించి, వేరు వివరణలను సూచించినారు. తరువాతి వారు కథను మాత్రము ఉంచుకొని ఆ ప్రశ్నార్థకమును విడిచిపెట్టినారు. మధుమేహమును గురించి పుట్టిన ఊహను స్థూలకాయమునకు కూడ యథాతథముగా అతికించినారు. నా విమర్శ ముఖ్యముగా ఈ రెండు పనులను గురించియే.

ఈ సిద్ధాంతము నిజము కావలెనన్న నాలుగు విషయములు రుజువు కావలెను. స్థూలకాయములో జన్యువులకు పాత్ర ఉండవలెను. ఆ జన్యువులు పొదుపు చేయునవై ఉండవలెను. కరువులు వానిని ఎన్నుకొని ఉండవలెను. కొవ్వును దాచుకొను గుణమే మధుమేహమునకు దారితీయవలెను. ఒక్కొక్క దానినే చూతము.

వంశపారంపర్యము

మొదటి పరీక్షలో ఈ సిద్ధాంతము నెగ్గినది. 1986లో ఆల్బర్ట్ స్టంకార్డు, ఆయన సహచరులు డెన్మార్కు దేశములో దత్తత వెళ్ళి పెరిగిన 540 మంది పెద్దవారిని పరిశీలించినారు. వారి శరీరపు లావు, కన్న తల్లిదండ్రుల లావును పోలియున్నది. పెంచిన తల్లిదండ్రుల లావుతో దానికి సంబంధము కనబడలేదు. ఒకే ఇంటి వంట తినుటకంటె ఒకే రక్తము పంచుకొనుట ఇక్కడ బలమైనదని తేలినది.

కెనడాలో క్లాడ్ బుషార్ 1990లో ప్రచురించిన ప్రయోగము ఇంకను ఆసక్తికరమైనది. పన్నెండు జతల సమరూప కవలలైన యువకులకు, 100 రోజుల కాలములో 84 రోజులపాటు, దినమునకు 1000 కెలోరీల ఆహారము అదనముగా పెట్టినారు. అందరును తిన్న అదనపు ఆహారము ఒక్కటే. కాని ఒకరు 4.3 కిలోగ్రాములు మాత్రమే పెరిగినారు, మరొకరు 13.3 కిలోగ్రాములు పెరిగినారు. సగటు పెరుగుదల 8.1 కిలోగ్రాములు. ఒక జతలోని కవలలు ఇద్దరును ఇంచుమించు సమానముగా పెరిగినారు; ఒక జతకును మరొక జతకును భేదము ఎక్కువగా ఉన్నది. “ఎంత తిన్నా వానికి ఒంటపట్టదు” అని మన పెద్దలు అనుమాటలో సత్యము లేకపోలేదు.

అవి పొదుపు చేయు జన్యువులేనా?

ఇక రెండవ పరీక్ష. 1950లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాల వారు పుట్టుకతో మిక్కిలి లావైన ఒక ఎలుకల వంశమును వర్ణించినారు. అక్కడనే పనిచేసిన డగ్లస్ కోల్మన్, ఇట్టి ఎలుకల రక్తప్రసరణను ఇతర ఎలుకల ప్రసరణతో కలిపి ప్రయోగములు చేసి, “ఇక చాలు” అని మెదడునకు తెలుపు పదార్థమేదో రక్తములో ఉండవలెననియు, లావు ఎలుకలో అది లోపించినదనియు ఊహించినారు. 1994లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయములో జెఫ్రీ ఫ్రీడ్మన్ ఆ జన్యువును పట్టుకొన్నారు. దాని ఆజ్ఞతో తయారగు హార్మోనునకు లెప్టిన్ అని పేరు. విశేషమేమనగా దానిని తయారుచేయునది కొవ్వు కణమే. అంతవరకు నూనె కుండవలె నిర్జీవమైన కొట్టుగా భావింపబడిన కొవ్వు కణము, తనలో నిలువ ఎంత ఉన్నదో మెదడునకు కబురంపు గ్రంథివంటిదని తేలినది.

1997లో కేంబ్రిడ్జి పరిశోధకులు, లెప్టిన్ జన్యువు చెడిపోయిన ఇద్దరు పిల్లలను గురించి ప్రకటించినారు. తీరని ఆకలి, అపారమైన లావు వారి లక్షణములు. తరువాత లెప్టిన్‌ను సూదిమందుగా ఇచ్చినప్పుడు ఆకలి అణగి బరువు తగ్గినది. అయితే ఇట్టివారు బహు అరుదు. సామాన్యముగా లావైనవారి రక్తములో లెప్టిన్ తక్కువగా కాక ఎక్కువగానే ఉండును; కబురు చేరుచున్నను మెదడు దానిని తగినంత లెక్కచేయుట లేదు.

సామాన్య స్థూలకాయమునకు సంబంధించిన మొదటి ప్రముఖ జన్యుభేదము ఎఫ్‌టీఓ అను జన్యువులో 2007లో దొరికినది. ఐరోపా సంతతివారిలో నూటికి 16 మంది ఈ భేదమును తల్లి నుండియు తండ్రి నుండియు రెండు ప్రతులుగా పొందియున్నారు. ఒక్క ప్రతియు లేనివారికంటె వీరు సగటున 3 కిలోగ్రాములు ఎక్కువ బరువున్నారు. 2015లో 3,39,224 మందిని పరిశీలించిన మరియొక పెద్ద అధ్యయనములో 97 జన్యుస్థానములు బయటపడినవి. ఈ 97 కలిసి వివరింపగలిగినది, మనుష్యుల లావులోని మొత్తము భేదములో నూటికి 2.7 వంతులు మాత్రమే. అనగా స్థూలకాయము వంశపారంపర్యమే గాని, దానిని ఏ ఒక్క జన్యువు నెత్తినో రుద్దుటకు వీలులేదు.

ఈ జన్యుస్థానములలో పెక్కింటికి సంబంధము మెదడుతో ఉన్నట్లు ఆ అధ్యయనమే చూపినది. ఆకలి, తృప్తి, ఆహారముపై మక్కువ అక్కడ నిర్ణయమగుచున్నవి. పొదుపు చేయు శరీరమును వెదకబోయిన వారికి ఎక్కువగా ఆకలిగొన్న మెదడు దొరికినది. నీల్ పక్షమునకు అనుకూలమైన సాక్ష్యమును కూడ చెప్పుట న్యాయము. ఎఫ్‌టీఓలోని భేదము దూరముననున్న మరి రెండు జన్యువులను ప్రభావితము చేసి, శక్తిని వేడిగా ఖర్చుచేయగల కొవ్వు కణములకు బదులు శక్తిని దాచు కణములు ఏర్పడునట్లు చేయుచున్నదని 2015లో మరొక పరిశోధన తెలిపినది. ఇది పొదుపే. కాని అదే భేదము గల పిల్లలు ఎక్కువ ఆహారము తినుచున్నారని కూడ తేలియున్నది. కావున రెండవ పరీక్షలో ఈ సిద్ధాంతమునకు వచ్చినవి సగము మార్కులకంటె తక్కువే.

కరువులు ఎన్నుకొన్నవా?

మూడవ పరీక్షలో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జాన్ స్పీక్‌మన్ గట్టి ఆక్షేపణలు తెచ్చినారు. కరువులో మరణించువారిలో పసిపిల్లలు, వృద్ధులు ఎక్కువ. వారిలో పెక్కుమందిని చంపునది అంటువ్యాధి. ఈ మాట మన చరిత్రకును సరిపోవును. 1876-78 నాటి ధాత కరువులో రాయలసీమ ప్రజలను ఆకలితోపాటు కలరా, మలేరియా జ్వరములు కూడ పెద్ద సంఖ్యలో పొట్టనపెట్టుకొన్నవి. లావుగా ఉన్నవారు బ్రతికి సన్ననివారు చచ్చినట్లయిననే కరువు కొవ్వు జన్యువులను ఎన్నుకొన్నదని చెప్పవచ్చును. అట్టి ఆధారము బలముగా లేదు.

ఆయన రెండవ ఆక్షేపణ ఇంకను సూటియైనది. అట్టి జన్యువులకు వేలకొలది తరములుగా లాభమే కలిగినచో, ఈపాటికి అవి అందరిలోను స్థిరపడి ఉండవలెను. అప్పుడు సమృద్ధిగల దేశములలో అందరును లావెక్కవలెను. కాని అక్కడను సన్నగా ఉన్నవారు చాలమంది ఉన్నారు. సిద్ధాంతము వారిని వివరింపలేదు.

దీనికి నీల్ పక్షమువారు ఇచ్చు సమాధానము ఒకటి ఉన్నది. కరువు చంపుటకంటె ఎక్కువగా సంతానమును తగ్గించును. ఒంటిలో కొవ్వు నిలువగల స్త్రీకి గర్భధారణశక్తి నిలిచియుండును. ఆ దారిని వరణము జరిగి ఉండవచ్చును. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. స్పీక్‌మన్ చెప్పిన ప్రత్యామ్నాయమును కూడ ఊహగానే గ్రహింపవలెను. నిప్పును, ఆయుధములను సంపాదించిన తరువాత మన పూర్వికులకు క్రూరమృగముల భయము తగ్గినదనియు, పరుగెత్తి తప్పించుకొను అవసరము పోవుటచే లావునకు పైహద్దు సడలినదనియు, అటుపై జన్యువులు యాదృచ్ఛికముగా అటునిటు జరిగినవనియు ఆయన వాదము. వాద ప్రతివాదములు నేటికిని ముగియలేదు. ముగియని వాదమును ముగిసినట్లు బోధించుట శాస్త్రము కాదు.

కొవ్వు కణము శత్రువా?

నాల్గవ పరీక్ష అన్నింటికంటె ముఖ్యమైనది. కొవ్వును బాగుగా దాచుకొనుటయే మధుమేహమునకు మార్గమని ఈ సిద్ధాంతము తలచుచున్నది. కొవ్వు కణముల జీవశాస్త్రము ఇందుకు విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది.

పూర్తిగా పెరిగిన కొవ్వు కణములో పెద్ద నూనె బొట్టు నడుమ ఉండి, కేంద్రకమును అంచునకు నెట్టివేయును. ఈ కణముల ఆయుర్దాయమును స్టాక్‌హోమ్ నగరములోని కరోలిన్‌స్కా సంస్థవారు చమత్కారమైన పద్ధతితో కొలిచినారు. 1955-63 నడుమ వాతావరణములో జరిపిన అణుబాంబు పరీక్షల వలన గాలిలో కార్బన్-14 పెరిగి, తరువాత క్రమముగా తగ్గినది. కణము పుట్టిననాటి కార్బన్-14 దాని డీఎన్‌ఏలో ముద్రవలె నిలిచిపోవును. ఆ ముద్రను చదివి 2008లో వారు ప్రకటించిన దేమనగా, ఏటేట నూటికి సుమారు పది కొవ్వు కణములు నశించి క్రొత్తవి పుట్టుచున్నవి. వాని మొత్తము సంఖ్య బాల్య, కౌమార దశలలో నిర్ణయమై, పెద్దతనములో ఇంచుమించు స్థిరముగా ఉండును. శస్త్రచికిత్సతో బరువు బాగా తగ్గినవారిలో సైతము కణముల పరిమాణము తగ్గినదే గాని సంఖ్య తగ్గలేదు. తగ్గిన బరువును నిలుపుకొనుట ఎందుకంత కష్టమో దీనివలన కొంత బోధపడును.

కొవ్వు కణములే లేనిచో మనిషి ఆరోగ్యముగా ఉండవలెను గదా? కాని జన్యులోపము వలన కొవ్వు కణజాలమే ఏర్పడని అరుదైన వ్యాధిగ్రస్తులకు తీవ్రమైన మధుమేహము వచ్చుచున్నది. దాచు చోటు లేక కొవ్వు కాలేయములోను, కండరములలోను చేరి, ఇన్సులిన్ మాట చెల్లకుండ చేయును. దీనికి ఎదురు ఉదాహరణము 2007లో అమెరికాలో దొరికినది. లెప్టిన్ లేని ఎలుకలలో, కొవ్వు కణములే తయారుచేయు అడిపోనెక్టిన్ అను మరొక హార్మోనును అధికము చేసినప్పుడు, అవి మునుపటికంటె చాల లావైనవి. అయినను వాని రక్తములోని చక్కెర చక్కబడినది. కొవ్వు కణము ధాన్యపు గాదెవంటిది. గాదె నిండి గింజలు ఇల్లంతట చిందినప్పుడు వచ్చునది కష్టము. గాదె పెద్దదగుట కష్టము కాదు.

పసిఫిక్ మహాసముద్రములోని సమోవా ద్వీపములలో 2016లో కనుగొన్న జన్యుభేదము ఈ విషయమును మనుష్యులలోనే చూపినది. సీఆర్ఈబీఆర్ఎఫ్ అను జన్యువులోని ఈ భేదము అక్కడి జన్యుప్రతులలో సుమారు నాల్గవ వంతునకు ఉన్నది. పసిఫిక్ ద్వీపవాసులు కాని ప్రజలలో దాదాపు లేదు. కణములలో ప్రవేశపెట్టి చూడగా అది కొవ్వు నిలువను పెంచి శక్తి వ్యయమును తగ్గించినది. పొదుపు జన్యువు అను పేరునకు ఇంతకంటె తగినది ఇంతవరకు దొరకలేదు. కాని ఆ భేదము గలవారు లావుగా ఉన్నను, వారిలో మధుమేహము తక్కువగా ఉన్నది! నీల్ ఒకే త్రాట కట్టిన రెండు విషయములు ఇక్కడ విడిపోయినవి.

మన దేశపు అనుభవము కూడ ఇటువైపే చూపుచున్నది. పుణె సమీప గ్రామములలో యాజ్ఞిక్ బృందము 2003లో ప్రకటించిన అధ్యయనములో, అక్కడి శిశువుల సగటు జనన బరువు 2.7 కిలోగ్రాములు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5. మన శిశువులలో కండ చాల తక్కువ, కొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. చూచుటకు సన్నగా ఉండి లోపల కొవ్వు గల ఈ శరీరమునకు ముఖ్యకారణము గర్భములోని పోషకాహార లోపమని, 1992లో హేల్స్, బార్కర్ అనువారు ప్రతిపాదించిన మార్గమున కొందరు వివరించుచున్నారు. అది నిజమైనచో వెదకవలసినది పూర్వికుల కరువును కాదు, తల్లి కంచమును.

సిద్ధాంతము మనుష్యులపై పడినప్పుడు

ఈ చర్చ పండితుల వినోదము కాదు. ఈ సిద్ధాంతమునకు ఉదాహరణముగా అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు పీమా జాతివారిని చూపుట పరిపాటి. వారిలో మధుమేహము మిక్కిలి ఎక్కువ. అయితే వారి పూర్వికులు కేవలము వేటాడి బ్రతికినవారు కారు. గీలా నదినుండి కాలువలు త్రవ్వి శతాబ్దములుగా సేద్యము చేసిన రైతులు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధములో ఎగువన స్థిరపడిన వలసవారు నదీజలమును మళ్ళించుకొనుటచే వారి పొలములు ఎండిపోయినవి. బీదరికము, ప్రభుత్వ రేషను తిండి వారికి మిగిలినవి. 2006లో ప్రచురించిన అధ్యయనము ప్రకారము, వారి బంధుజాతియై మెక్సికో కొండలలో ఒళ్ళు వంచి వ్యవసాయము చేసికొనుచున్న పీమాలలో మధుమేహము నూటికి 6.9, అరిజోనా పీమాలలో 38. దాయాదుల నడుమ ఇంత భేదము చేసినది జన్యువు కాదు. “వారి జన్యువులు అట్టివి” అను ఒక్క మాట, నీరు పోయిన కథను కప్పివేసినది.

పాఠశాలలో సైతము ఈ ప్రమాదమున్నది. లావైన బాలుని తిండిపోతని ఎగతాళి చేయుట ఎంత అశాస్త్రీయమో పైన చూచితిమి. వాని ఆకలిలో పెద్దభాగము వాడు ఎన్నుకొన్నది కాదు. “నీ జన్యువులు అంతే, నీవు చేయగలిగినది లేదు” అనుటయు అంతే అశాస్త్రీయము. 2,18,000 మందికి పైబడిన పెద్దవారిని పరిశీలించిన 2011 నాటి విశ్లేషణలో, శరీరశ్రమ చేయువారిలో ఎఫ్‌టీఓ భేదము వలని స్థూలకాయపు అవకాశము, శ్రమ చేయనివారితో పోల్చగా నూటికి 27 వంతులు తగ్గినట్లు తేలినది. జన్యువు మొగ్గు చూపును, తీర్పు చెప్పదు.

నీల్ వ్యాసమును పాఠ్యాంశములనుండి తొలగింపవలెనని నేను కోరుట లేదు. మంచి ప్రశ్న వేసిన వ్యాసములలో అది ఒకటి. ఉపాధ్యాయులు దానిని తరగతికి తెచ్చి, ఊహ ఎట్లు పుట్టునో, దానినుండి పరీక్షింపదగిన విషయములు ఎట్లు తీయవలెనో, పరీక్షలో ఏది నిలిచినదో, ఏది పడిపోయినదో విద్యార్థులచేతనే చెప్పించినచో అంతకు మించిన విజ్ఞానశాస్త్ర పాఠము ఉండబోదు. అయితే నల్లబల్లమీద ఆ శీర్షికను వ్రాయునప్పుడు చివరనున్న ప్రశ్నార్థకమును మరువక వ్రాయవలెను.